మూడో జాడీ

"జాడీ పోయింది, జాడ లేదన్నమాట!" అన్నాను గదిలోకి అడుగు పెడుతూనే.

ఎవరూ నవ్వలేదు. ఇన్‌స్పెక్టర్ సితాబా ఎలాగూ నవ్వడు. వాడు నా పెళ్ళాం తమ్ముడు; నా జోకులకి నవ్వకపోవడం వాళ్ళ వంశాచారం. సముద్రపు జీవుల్ని పరిశోధించే డాక్టర్ తెన్రి నవ్వే స్థితిలో లేదు. మైక్రోస్కోపు ముందు కూర్చుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, జీపు ఎప్పుడెక్కమంటే అప్పుడెక్కుతానన్నట్టు ఉంది.

"వచ్చావా బావా!" అన్నాడు సితాబా. "రిటైరైన పోలీసులు ఇంట్లో కూర్చుని మనవల్ని ఆడిస్తారు. నువ్వు నన్ను ఆడిద్దామని వచ్చావు."

"నిన్నాడించడానికి మీ పైవాళ్ళున్నారుగా. నన్ను పిలిచింది ఈ అమ్మాయి."

"పిలిచింది నిజమే," అంది తెన్రి తల ఎత్తకుండా. "ఇప్పుడు అవసరం లేదు. మీరు వెళ్ళిపోండి దాయెంగ్."

మకాస్సర్‌లో నన్ను అందరూ దాయెంగ్ తోజెంగ్ అంటారు. దాయెంగ్ మర్యాదకి పెట్టే మాట, తోజెంగ్ అంటే మా భాషలో నిజం. పేరులో నిజం పెట్టుకుని నీటి పోలీసులో చాకిరీ చేశాను కాబట్టి నిజం ఎప్పుడు నీళ్ళు నములుతుందో నాకు కొంచెం తెలుసు. పొద్దున ఇదే మనిషి ఫోన్లో వెక్కి వెక్కి ఏడుస్తూ, "ఎలాగైనా వెతికిపెట్టండి, నా బతుకు పోతుంది" అంది. నేను కాఫీ తాగి, చొక్కా మార్చుకుని వచ్చేలోపు బతుకు అక్కర్లేకుండా పోయింది. ఆ మధ్యలో ఈ గదిలో ఏదో చూసి ఉండాలి.

పోయింది వజ్రమో వైడూర్యమో అయితే వెతకడం సులువు. పోయింది అరచేతిలో పట్టే పగడపు రాయి. దాని మీద, గోడకి రంగు వేసినట్టు, పలచగా అంటుకుని పెరిగిన ఒక స్పాంజి. ఊరికి పడమటగా సముద్రంలో మునిగి ఉండే దిబ్బ ఒకటుంది, తాకా బకో అంటారు. తెన్రి అక్కడ దిగి, ఉలితో ఒకే ఒక్క ముక్క చెక్కి తెచ్చింది. అది ఇంతవరకూ ఎవరి కంటా పడని కొత్త జాతి అని తేల్చింది. ఇక పేరు పెట్టాలి. మా ఆవిడ నాకు రోజూ పేర్లు పెడుతుంది, దానికి ఆధారం అక్కర్లేదు. శాస్త్రంలో అలా కుదరదు. పేరు పెట్టిన ముక్కని మూల నమూనాగా కలకాలం దాచిపెట్టాలి, ఎవరొచ్చి అడిగినా చూపించాలి. ముక్క లేకపోతే పేరు లేదు. పేరు లేకపోతే ఆ జీవి పుట్టనట్టే లెక్క.

ఇంతలో రేవు గొడవ రేపటికొచ్చింది. రేవు పెంచడానికి తాకా మీద ఇసుక పోస్తామని ఒక కంపెనీ అంటోంది. ఆపమని తెన్రి అర్జీ పెట్టింది. విచారణ రేపు పొద్దున్న. అక్కడ ఆమె బల్ల మీద పెట్టాల్సిన ఒకే ఒక్క సాక్ష్యం ఆ జాడీ.

"అసలు కథ నేను చెప్తాను విను," అన్నాడు సితాబా కుర్చీని వెనక్కి తిప్పి దాని మీద ఎక్కి కూర్చుంటూ. "కొత్త జాతీ లేదు, పాత జాతీ లేదు. ఈవిడ ఏదో మామూలు స్పాంజిని తెచ్చి కొత్తదని ఊదరగొట్టింది. రేపు నలుగురి ముందు మూత తీస్తే గుట్టు బయటపడుతుంది. అందుకని తనే మాయం చేసి దొంగలు పడ్డారంటోంది. తాళం పగల్లేదు, కిటికీ ఊచలు వంగలేదు. తాళం చెవులు రెండే. ఒకటి ఈవిడది, రెండోది ఈవిడ గురువుగారు పలిన్‌రుంగి గారిది. ఆయనేమో పెద్దాయన, రిటైరైపోయాడు, మెట్లెక్కితే ఆయాసం..."

"ఆయన పేరెత్తకండి!" అంది తెన్రి. నేను గదిలోకి వచ్చాక ఆమె గొంతు పైకి లేవడం అదే మొదలు.

"చూశావా, గురుభక్తి! దొంగలకి కూడా ఉంటుంది బావా."

నేను స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. "తెన్రీ, ఆ ముక్క నిజంగా కొత్తదేనని నీకెలా తెలుసు? నాలాంటి మొద్దుకి అర్థమయ్యేలా చెప్పు."

పని గురించి అడిగితే ఎంత బాధలో ఉన్న మనిషైనా జవాబు చెప్తాడు.

"చిన్న ముక్క గిల్లి బట్టలు తెల్లబరిచే మందులో వేస్తాం. కండంతా కరిగిపోతుంది. లోపలి గాజు సూదులు మిగులుతాయి. ప్రతి జాతికీ సూది ఆకారం వేరు. మామూలుగా ఈ రకం స్పాంజి సూదులకి తల గుండుసూదిలా గుండ్రంగా ఉంటుంది. మూడో జాడీలో వాటికి తల మూడు పాయలుగా చీలి ఉంది. ఇలాంటిది ఎక్కడా లేదు."

"మూడో జాడీ అన్నావు. మొత్తం ఎన్ని?"

"ఐదు. పోల్చి చూడడానికి అదే తాకా నుంచి మామూలు స్పాంజి ముక్కలు నాలుగు తెచ్చాను."

"చూస్తే తేడా తెలుస్తుందా?"

"నీళ్ళలో ఉన్నప్పుడు తెలుస్తుంది. ఇది నీలం, అవి బూడిదరంగు. స్పిరిట్‌లో వేశాక అన్నీ ఒకే మట్టి రంగు. కంటితో నాక్కూడా తెలీదు."

"ఎర్ర రిబ్బనేదో కడతారట కదా మూల నమూనాకి?"

"పేరు అచ్చయిన రోజు కడతాం. ఇంకా కట్టలేదు."

"అంటే ఐదు కవల పిల్లల్లో ఒక్కణ్ణే ఎత్తుకెళ్ళాడు. సరిగ్గా వాణ్ణే! ఏది అసలుదో ఎవరెవరికి తెలుసు?"

ఆమె పెదవులు బిగించింది. "నాకు ఒక్కదానికే."

"వినపడిందా బావా?" అని సితాబా లేచాడు. "ఒప్పేసుకుంది. పదండి డాక్టరమ్మా."

"ఆగరా! అన్నం ఉడక్కముందే విస్తరేస్తావేం?"

నేను లోపలి గదిలోకి వెళ్ళాను. గోడల నిండా అల్మరాలు, అల్మరాల నిండా జాడీలు. అంత స్పిరిట్ ఒకచోట చూసి కూడా గొంతు తడుపుకోలేని దౌర్భాగ్యం ఈ శాస్త్రజ్ఞులది. మా దగ్గర భూమి అప్పుడప్పుడూ ఒళ్ళు విరుచుకుంటుంది. అందుకని జాడీల్ని సందు లేకుండా ఒరిపించి పెడతారు. ఒకటి బయటికి తీస్తే ఆ ఖాళీలో ఏదో ఒకటి కూరాలి, లేకపోతే పక్కవి ఒకదానికొకటి కొట్టుకుని పగులుతాయి. రెండు మూడు అరల్లో అలా జాడీలు తీసిన చోట తెల్లటి నురుగు దిమ్మలు కూరి ఉన్నాయి. వాటి డబ్బా తలుపు పక్కనే ఉంది, చెయ్యి చాస్తే అందుతుంది.

తాకా బకో జాడీలున్న అరలో రెండోదానికీ నాలుగోదానికీ మధ్య ఖాళీ కనపడింది. సరిగ్గా చెప్పాలంటే, ఖాళీ కనపడలేదు. అక్కడ కొబ్బరిపీచు కూరి ఉంది. మెలితిప్పి, కొసలు లోపలికి మడిచి, రెండువైపులా జాడీలు కదలకుండా బిగించి ఉంది.

దొంగతనానికొచ్చినవాడు ఇంత ఒద్దికగా పీచు చుట్టి, పక్క జాడీలు పగలకుండా జాగ్రత్త తీసుకుని వెళ్ళడం నా సర్వీసులో చూడలేదు. జేబు కొట్టేసి గుండీ కుట్టి వెళ్ళినట్టుంది.

తిరిగి చూస్తే తెన్రి గుమ్మంలో నిలబడి ఉంది. అన్ని అల్మరాలవైపూ చూస్తోంది, ఈ అర వైపు తప్ప.

"ఇక్కడ పీచు ఎవరు వాడతారమ్మా?"

"ఎవరైనా వాడచ్చు."

"డబ్బా నిండా తెల్లదిమ్మలుంటే?"

సితాబా నా భుజం మీదుగా తొంగిచూశాడు. "పీచు దొరికిందని కేసు పీచమణిచేద్దామనుకుంటున్నావా?"

నాకు అసూయ వేసింది. వాడి జన్మలో వేసిన మొదటి మంచి జోకు, అదీ నామీద!

"అబ్బాయ్, నీ మాట ప్రకారమే పోదాం. బయటివాడు కాదు, లోపలివాడే. ఖాళీ వదలడం చేతకానివాడు. అంతవరకూ నువ్వు గెలిచావు. కానీ ఈ అమ్మాయి చెయ్యి అలవాటుగా ఎటు పోతుంది? తలుపు పక్క డబ్బా వైపు. పీచు వైపు పోయే చెయ్యి ఆ డబ్బా రాకముందు నుంచీ ఇక్కడ పనిచేసిన చెయ్యి. సాయంత్రం అసర్ నమాజు వేళకి ఈవిణ్ణి నీకే అప్పగిస్తాను. ఈలోగా ముగ్గురం ఒకరింటికి వెళ్ళొద్దాం."

"అక్కడికి వద్దు," అంది తెన్రి.

"ఎక్కడికో నేను చెప్పలేదే!"

సితాబా నావైపు చూశాడు, ఆమెవైపు చూశాడు. జీపు తాళాలు జేబులోంచి తీశాడు. ఏమాటకామాటే చెప్పాలి, వాడు మొండివాడే గాని మొద్దు కాదు.

* * *

ప్రొఫెసర్ పలిన్‌రుంగి ఇల్లు సముద్రానికి అభిముఖంగా ఉంటుంది. వరండాలో వాలుకుర్చీ, పక్కన బల్ల మీద అరిటాకుల్లో ఉడికించిన అరటిపండు మిఠాయి, బరోంకో. మమ్మల్ని చూసి లేవబోయాడు, ఆయాసంతో మళ్ళీ కూర్చున్నాడు.

"రా బిడ్డా, రా," అని తెన్రి చెయ్యి పట్టుకున్నాడు. "విన్నాను. ఎంత అన్యాయం! ఇన్‌స్పెక్టర్, ఈ పిల్ల అబద్ధమాడదు. నా చేతుల్లో పెరిగింది. దీనికి నీళ్ళంటే భయం ఉండేది, నమ్ముతారా? నేనే చెయ్యి పట్టుకుని ముంచాను."

"ముంచడం మీకు అలవాటే అన్నమాట," అన్నాను.

ఆయన నవ్వాడు. "మీ నోటి గురించి విన్నాను దాయెంగ్. బరోంకో తినండి, నోరు తీపి చేసుకోండి."

నేను తిన్నాను. సితాబా తిన్నాడు. తెన్రి ముట్టుకోలేదు. ఆమె ఆయన చేతుల వంకే చూస్తోంది.

"సార్, మీకో సంగతి అడుగుతాను," అన్నాను ఆకు విప్పుకుంటూ. "మీ గదిలో జాడీ తీసిన చోట పీచు పెట్టేది ఎవరు?"

"పీచా? ఒకప్పుడు అందరూ పెట్టేవాళ్ళు."

"ఒకప్పుడు కాదు, నిన్నో మొన్నో."

"దొంగ పెట్టాడేమో. దొంగల బుద్ధులు నాకేం తెలుసు? స్పాంజిల బుద్ధులైతే చెప్పగలను."

"ఐదింట్లో సరైన జాడీనే దొంగ ఎలా పట్టుకున్నాడంటారు?"

"అదృష్టం."

"ఎవరి అదృష్టం సార్? కంపెనీదా?"

"బావా!" అని సితాబా నా మోచేయి నొక్కాడు. తర్వాత ఆయనవైపు వంగి, ఎన్నడూ లేనంత మర్యాదగా అన్నాడు: "క్షమించండి ప్రొఫ్. మా బావకి నోరు ఎక్కువ. మీ తాళంచెవి మీ దగ్గరే ఉందా, ఒక్కసారి చూపిస్తే మేం వెళ్ళిపోతాం."

"ఎందుకు లేదు? గోడకి వేలాడుతూనే ఉంది. ఎవరైనా తీసుకెళ్ళి మళ్ళీ పెట్టచ్చు. ముసలాణ్ణి, మధ్యాహ్నం పడుకుంటాను."

ప్రతి ప్రశ్నకీ తలుపుంది, ప్రతి తలుపుకీ గడియ ఉంది. మనిషి ఆయాసపడుతున్నాడే గాని మాట తడబడటం లేదు. అక్కడ నా పోలీసు విద్యంతా ఒడ్డుకు కొట్టుకొచ్చిన చేపలా నోరు తెరిచింది. పీచు పెట్టుకుని కోర్టుకి వెళ్తే, జడ్జిగారు దానితో అంట్లు తోముకోమంటాడు.

అప్పుడు తెన్రి మాట్లాడింది. గొంతులో కోపం లేదు, నింద లేదు. బడి నుంచి వచ్చిన పిల్లాడు అన్నం తిన్నాడా అని అడిగే తల్లిలా అడిగింది.

"స్పిరిట్ మార్చారా ప్రొఫ్?"

"నిన్న సాయంత్రమే మార్చానమ్మా," అన్నాడాయన. "స్పాంజిలో నీళ్ళు దిగి మొదటిది పలచబడిపోయింది. ఇంకో రోజు వదిలేస్తే కుళ్ళి..."

అక్కడ ఆగాడు.

ఆగినా లాభం లేదు. మాట వరండా దాటి బయటికొచ్చేసింది. సితాబా చేతిలో సగం తిన్న బరోంకో అలాగే ఉండిపోయింది.

తెన్రి తల ఊపింది. "ఈవాళ మార్చాలనుకున్నాను. పాడైపోతుందేమోనని భయపడ్డాను."

"బిడ్డా..."

"పొద్దున ఈయనకి ఫోన్ చేశాక పీచు దగ్గరగా చూశాను. ఆ మడత మీరే నాకు నేర్పారు. కొసలు లోపలికి, ముడి కిందికి. చూసి కూడా నమ్మలేదు. అరెస్టు చేసినా ఫరవాలేదు, నా నోటితో మీ పేరు చెప్పకూడదనుకున్నాను. ఏది అసలుదో మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు నేను. మైక్రోస్కోపు దగ్గరికి మిమ్మల్ని పిలిచి మొదట చూపించాను. మీ కళ్ళు తడయ్యాయి. సంతోషమనుకున్నాను."

ఆయన సముద్రం వైపు తిరిగాడు.

"రేవు కంపెనీ మొదటిసారి అనుమతి అడిగినప్పుడు తాకాని పరీక్షించమని నన్నే పంపారు," అన్నాడు. "అప్పటికే ఊపిరి అందడం లేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఇక సముద్రంలోకి పంపరు. పడవ అంచున కూర్చుని చూశాను, నీళ్ళు కలకగా ఉన్నాయి. దిగకుండానే రాసిచ్చాను. చచ్చిన దిబ్బ, బతికున్నదేదీ లేదు అని."

తాకాని తాకకుండానే తేల్చేశాడు. ఈ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. తెన్రి మొహం చూసి మింగేశాను.

"ఆ చచ్చిన దిబ్బ మీంచి నువ్వు ప్రపంచంలోనే లేని ప్రాణిని పట్టుకొచ్చావు," అన్నాడాయన. "సరే, వచ్చే పరువునష్టమేదో వస్తుందనుకున్నాను. ఆ తర్వాత నీ బల్ల మీద రాతప్రతి చూశాను. దానికి నువ్వు పెట్టిన పేరు చూశాను. పలిన్‌రుంగియై. నా పేరు! నేను చచ్చిందన్న దాని మీద బతికున్నదానికి నా పేరు! నీకంతా తెలిసిపోయిందనుకున్నాను. నలుగురిలో నిలబెట్టి నన్ను చెప్పుతో కొట్టడానికే పెట్టావనుకున్నాను."

పేరు ఎవరిదో ఆ మనిషికి అచ్చయ్యేదాకా చెప్పకూడదని ఈ శాస్త్రజ్ఞుల్లో ఆచారం. ఆ రోజు పుస్తకం తీసుకెళ్ళి చేతిలో పెట్టాలి, అది గురుదక్షిణ. తెన్రి ఆ రోజు కోసం దాచుకున్న మాట ఈయన దొంగచాటుగా చదివి, తిట్టుగా అర్థం చేసుకున్నాడు.

"నాకేం తెలీదు ప్రొఫ్," అంది. "నీళ్ళంటే భయపడేదాన్ని చెయ్యి పట్టుకుని దింపారు కదా. అందుకని పెట్టాను. ఇంకేం లేదు. మీరు నన్ను... నేను అలాంటిదాన్ననుకున్నారా?"

దొంగిలించినందుకు ఆమె క్షమించేదేమో. ఆ అనుమానానికి మాత్రం ఆమె కళ్ళలో ఏదో తెగిపోవడం నేను చూశాను.

"ఒక్కటి అర్థం కాలేదు," అన్నాడు సితాబా గొంతు సవరించుకుని. "ఎదురుగా సముద్రం. జాడీ విసిరేస్తే పోయేదిగా ప్రొఫ్? ఈ స్పిరిట్లు మార్చడాలేమిటి?"

ముసలాయన నిటారుగా కూర్చున్నాడు. అంత సిగ్గులోనూ ఆయనకి కోపం వచ్చింది. "మూల నమూనానయ్యా అది! విసిరేస్తామా?"

ఆయనే లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళి తెచ్చాడు. ఎండ తగలకుండా నల్లగుడ్డ చుట్టి ఉంది. మూత చుట్టూ కొత్త మైనం. తెన్రి అందుకుని మైనం అంచంతా బొటనవేలితో తడిమి చూసింది, వెలుతురుకి ఎత్తి లోపలి రాయి చూసింది. తలూపింది. అదే.

"హమ్మయ్య! రాయి దొరికింది," అన్నాను. "ఇక నువ్వు రాయి, పేరు రాయి! రేపు విచారణలో..."

"రేపటిదాకా ఆగరు," అన్నాడు ప్రొఫెసర్.

"ఎవరు?"

"కంపెనీవాళ్ళు. నమూనా ఇక లేదని పొద్దున నేనే వాళ్ళకి ఫోన్ చేశాను. నా మనసు మళ్ళీ మారకముందే అంతా అయిపోవాలనుకున్నాను." ఆయన సముద్రం వైపు వేలు చూపించాడు. "మధ్యాహ్నం జుహుర్ నమాజు తర్వాత ఇసుక బార్జి బయల్దేరింది."

"విచారణ కాకుండా ఎలా పోస్తారు? అనుమతి వద్దా?" అని అరిచాడు సితాబా.

"అనుమతి ఎప్పుడో ఉంది ఇన్‌స్పెక్టర్. నేను రాసిచ్చిన మాట మీద ఇచ్చిందే. రేపటి విచారణ దాన్ని రద్దు చేయడానికి. రద్దయ్యేదాకా వాళ్ళ చేతులు కట్టేసేదేమీ లేదు. నమూనా ఉందన్న భయంతోనే ఇన్నాళ్ళూ ఆగారు."

రేవు గోడ చివర బూడిదరంగు బార్జి ఒకటి ఇసుక గుట్టతో నెమ్మదిగా పడమటికి తిరుగుతోంది. మేం బరోంకో తింటున్నంతసేపూ అది మా కళ్ళెదుటే ఉంది.

"బావా, నీ పడవ?" అన్నాడు సితాబా.

"నా జొల్లోరో పడవ చేపల రేవులో ఉంది. ఇంజను ముసలిది, కానీ నాలా అరుస్తుంది."

"ఆ బార్జి కంటే ముందు చేరుతుందా?"

"చేరితే ఏం చేస్తావురా? వాళ్ళ దగ్గర అనుమతి ఉంది."

"ఇసుక కింద మనుషులుంటే పొయ్యరు కదా," అంది తెన్రి. అప్పటికే చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది. "నేను దిగుతాను. నేను నీళ్ళలో ఉన్నానని మీరు పైనుంచి చెప్పండి."

"నీకు పిచ్చా? వాళ్ళు వినకపోతే?"

ఆమె జాడీని పొట్టకి అదుముకుని మెట్లు దిగింది. సితాబా వైర్‌లెస్‌లో ఎవరినో కేకలేస్తూ జీపు వైపు పరుగెత్తాడు. నేను వాడి వెనక.

"బిడ్డా!" అని వరండా అంచుదాకా వచ్చాడు ప్రొఫెసర్. ఊపిరి అందక ఒక్కో మాటా విడివిడిగా పడుతోంది. "ఆ పేరు తీసెయ్. ఇంకా అచ్చవలేదుగా. నీ చేతిలో పనే. వేరే ఏదైనా పెట్టు, అమ్మ పేరు పెట్టు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

తెన్రి జీపు తలుపు దగ్గర ఆగింది. వెనక్కి తిరిగింది. ఆ మొహంలో ఏడుపు లేదు.

"తీయను ప్రొఫ్. నేను పైకి వచ్చినా రాకపోయినా అదే పేరుతో అచ్చవుతుంది. అచ్చయ్యాక మీరు కాదు, నేను కాదు, ఎవరూ తీయలేరు. సముద్రం ఉన్నంతకాలం తాకా బకో మీద మీ పేరే ఉంటుంది."

తలుపు వేసుకుంది.

"పోనివ్వండి," అంది.